ఒకే అంచు రేజరు, మా నాయిన గడ్డం

పోయిన నెల పిల్లలకు నోటు పుస్తకాలు పంచాక సంఘం ఆఫీసులో చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన మా ఇద్దరి మొహాలు చూసి, "ఏ సెలూన్‌కు పోతున్నరు రా, గింత నున్నగ చేస్తున్నడు?" అని అడిగాడు. ఇంట్లోనే గీసుకుంటున్నాం కాకా, మంచి రేజరొకటి ఉంది అని చెప్పాం. ఎంతకు తెచ్చారని అడిగితే మాత్రం మాట మార్చి బిస్కెట్ల ప్లేటు అటు జరిపాం. ఆ రోజు నుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇవాళ మొత్తం రాసేస్తున్నాం. పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. ఒకడు టైపు చేస్తుంటే ఇంకొకడు పక్కన కూర్చుని తప్పులు పడుతున్నాడు. షోలాపూర్‌లో పుట్టాం, ఇక్కడే పెరిగాం. మా తాత నేత పని కోసం ఇటు వచ్చాడు. నాయిన పవర్‌లూమ్ కారఖానాల్లో 38 ఏళ్లు జాబర్‌గా చేశాడు. ఈ గుంపులో పుణె, ముంబై నుంచి చదివే కుర్రవాళ్లకు జాబర్ అంటే తెలియకపోవచ్చు. సాంచాలు చెడకుండా చూసేవాడు, చెడితే బాగు చేసేవాడు. చేతిలో పానా, చెవిలో సాంచా చప్పుడు. చప్పుడు మారితే చాలు, ఏ నాలుగో వరుసలో ఏది వదులైందో కూర్చున్న చోటు నుంచే చెప్పేవాడు.

ఇక రేజరు. మూడేళ్ల కిందట దీపావళి బోనసు, ఇద్దరి పొదుపు కలిపి కొన్నాం. ఒక అమెరికా కంపెనీది. మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు, బ్లేడు ఒక్కటే, ఆ బ్లేడుకు అంచూ ఒక్కటే. తల భాగం కొంచెం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అందులో పట్టేది జపాన్ ఫెదర్ కంపెనీ బ్లేడు. ఒక వైపు పదును, రెండో వైపు మందంగా మడిచిన రేకు, కత్తికి వెన్ను ఉన్నట్టు. ఆ కంపెనీ పుట్టిన సెకి ఊరు ఒకప్పుడు కత్తులకు, ఇప్పుడు చాకులకు, బ్లేడులకు పేరు పడ్డది. పిడి ఒక్కటే, బ్లేడు మాత్రం ఎవరిది వారిదే. మార్చేటప్పుడు పిడిని వేడి నీళ్లతో కడిగి స్పిరిటుతో తుడుస్తాం. ఈ మాట ముందే చెప్పకపోతే వదినలు కామెంట్లలో మమ్మల్ని ఉతికేస్తారు.

కస్టమ్స్‌తో కలిపి 33 వేలు అయింది. అవును, మీరు చదివింది నిజమే.

ఇంట్లో మాత్రం 1,200 అని చెప్పాం. అమ్మ "పన్నెండు నూర్లా!" అని రెండు రోజులు మాట్లాడలేదు. నాయిన ఏమీ అనలేదు. పెట్టె తెరిచి రేజరు చేతిలోకి తీసుకున్నాడు. తల రెండుసార్లు ఊపి చూశాడు. తల, పిడి కలిసే అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లగా లాగాడు. నాడె కొత్తది వస్తే ఆయన ఇలాగే గోరుతో లాగి చూసేవాడు. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ నాడె పడుగు దారాలను తెంపుతుంది, గరుకు కాగితం పెట్టి రుద్దాల్సిందే. ఇక్కడ గోరు ఎక్కడా ఆగలేదు. "మంచిగ చేసిండ్రు" అని పెట్టెలో పెట్టి వెళ్లిపోయాడు. బతికిపోయాం అనుకున్నాం.

మొదటి వారం మా మొహాలు చూడాల్సింది. అంత డబ్బు పెట్టినది తనంతట తనే గీస్తుందనుకున్నాం. కాలేజీ రోజుల నుంచీ మూడు బ్లేడుల కార్ట్రిడ్జ్ అలవాటు. దాంతో గట్టిగా ఒత్తి గీసినా నడిచిపోతుంది. అదే చేత్తో దీన్నీ ఒత్తాం. మెడ కింద ఎర్రటి గీతలు, చిన్నవాడికి దవడ మీద రెండు గాట్లు. వంద రూపాయల రేజరే నయం అని ఒకడు, డబ్బు పెట్టాం కదా నేర్చుకుని తీరాలి అని ఇంకొకడు. గొడవ విని నాయిన స్నానాల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"వత్తకుండ్రి రా. బరువు దానికే ఉన్నది. మీ చెయ్యి ఉట్టిగ దారి చూపాలె, అంతే."

మా చిన్నప్పుడు నాయిన రెండంచుల బ్లేడు రేజరు వాడేవాడు. కొన్నాళ్లు టోపాజ్, కొన్నాళ్లు సెవెన్ ఓ క్లాక్, బజారులో ఏది దొరికితే అది. కార్ట్రిడ్జ్‌లో కోణం కంపెనీవాడే బిగించి ఇస్తాడు, బ్లేడుకూ చర్మానికీ మధ్య ప్లాస్టిక్ ఉంటుంది. పాత రేజరులో కోణం మన మణికట్టులో ఉంటుంది, సుమారు 30 డిగ్రీలు. మా కొత్తదాంట్లో తల ఊగుతుంది గనక కోణం అదే చూసుకుంటుంది, కానీ ఒత్తిడి సంగతి మనమే చూసుకోవాలి. నాయిన చెప్పింది అక్షరాలా ఇదే, డిగ్రీల లెక్క ఒక్కటి లేదు. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకోమన్నాడు. అలా పట్టుకుంటే ఒత్తుదామన్నా ఒత్తలేం. ఎడమ చేత్తో చర్మం సాగదీసి, వెంట్రుక వాలిన దిక్కునే పొట్టి పొట్టి గీతలు గీయమన్నాడు. ఎదురు గీత మొదటి నెల అసలు వద్దన్నాడు.

నీళ్ల సంగతీ ఆయనే పట్టాడు. మన ఊళ్లో ఉజని నీళ్లు రోజూ రావని మీకు తెలిసిందే. రాని రోజుల్లో బోరు నీళ్లతో కానిచ్చేవాళ్లం. ఆ ఉప్పు నీళ్లకు సబ్బు నురగ రాదు, వచ్చినా నిలవదు, ఎండితే స్టీలు మీద తెల్లటి మరకలు. నురగ పలచబడితే బ్లేడు జారదు, లాగుతుంది. అది బ్లేడు తప్పని మేం అనుకున్నాం. ఇప్పుడు గడ్డానికని ఒక చెంబెడు నల్లా నీళ్లు విడిగా పెడతాం. ఆ నీళ్లు వేడి చేసి, టవలు ముంచి, పిండి, రెండు నిమిషాలు మొహం మీద కప్పుకుంటాం. టవలు మన షోలాపూర్ టెర్రీదే. లోకమంతా తుడుచుకునే టవళ్లు నేసే ఊళ్లో వేరే ఊరి టవలు కప్పుకుంటే నాయిన ఊరుకుంటాడా?

ఒకే అంచు రేజరు కొత్త విద్యేమీ కాదు. న్యూయార్క్‌లో కాంఫ్ సోదరులు 1880లోనే అలాంటిదానికి పేటెంటు తీసుకున్నారు. రెండంచుల పలచటి బ్లేడుకు జిలెట్ పేటెంటు వచ్చింది 1904లో. సానపట్టే పని లేదు, మొద్దుబారితే పారేయొచ్చు, అందుకే లోకం అటు వెళ్లింది. తమాషా ఏంటంటే 2010లో అదే జిలెట్ మన దేశం కోసమని గార్డ్ తెచ్చింది. అందులోనూ బ్లేడు ఒక్కటే, అప్పటి ధర 15 రూపాయలు. మా దాంట్లోనూ ఒక్కటే. ఈ రెండు ధరల మధ్య తేడాలో ఎంత స్టీలు, ఎంత షోకు అని అడిగితే నిజాయితీగా సగం సగం అంటాం. చిన్నవాడు షోకు ముప్పావు అంటున్నాడు. ఉండనీ.

అసలు విషయం కిందటి శ్రావణంలో జరిగింది.

మన పేటల్లో చాలామంది శ్రావణమంతా గడ్డం ముట్టరు. మేమూ అంతే. జంధ్యాల పున్నమికి మార్కండేయ స్వామి రథం వెంట నడిచిన రోజు నాయినకు రెండు వారాల గడ్డం. తెల్లగా, పొట్టిగా బాగానే ఉండింది. ఆ తర్వాత ఎనిమిదో రోజు పొద్దున చాయ్ గ్లాసు కుడిచేతిలోంచి జారింది. మాట ముద్దగా వచ్చింది. గుండె లయ తప్పి, అందులో చిన్న గడ్డ కట్టి మెదడుకు పోయిందన్నారు. తొందరగా తీసుకుపోవడం మంచిదైంది. పదకొండు రోజులు ఆస్పత్రిలో. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం వణుకు పట్టింది. సాంచా బోల్టు చీకట్లో బిగించిన చెయ్యి అది. దాని గురించి ఎక్కువ రాయలేం.

ఇంటికి వచ్చిన రోజు ఆయన అద్దం ముందు నిలబడ్డాడు. నెల దాటిన గడ్డం, బుగ్గలు లోపలికి పోయాయి. "ఎవడ్రా ఈ ముసలోడు?" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాం. నవ్వలేదు. "తీసెయ్యండ్రి" అన్నాడు.

రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లకు బ్లేడు వద్దు, కరెంటు షేవర్ వాడండి అని డాక్టరు ముందే చెప్పాడు. ఇది ఈ పోస్టులో అన్నిటికంటే ముఖ్యమైన మాట, మీ ఇళ్లలో పెద్దలుంటే గుర్తు పెట్టుకోండి. అలాంటివాళ్లకు చిన్న గాటైనా రక్తం తొందరగా ఆగదు. సరే, ట్రిమ్మరు తెచ్చి పొడుగు గడ్డం తీశాం. ఎలాగూ మా రేజరు అంత పొడుగు వెంట్రుకలకు పనికిరాదు, సందుల్లో ఇరుక్కుని ఆగిపోతుంది. తర్వాత షేవర్. నాయిన చెంప తడుముకుని, "గరుకు కాగితం తీరు ఉన్నది" అని మొహం తిప్పుకున్నాడు. ఆ రాత్రి అందరం పడుకున్నాక స్నానాల గదిలో దీపం వెలిగింది. వెళ్లి చూస్తే ఆయన పాత రెండంచుల రేజరు చేతిలో ఉంది. చెయ్యి వణుకుతోంది. ఇంకా మొహం మీద పెట్టలేదు. మేమిద్దరం గుమ్మంలో, ఆయన అద్దంలో. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. చివరికి రేజరు మా చేతిలో పెట్టి వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు డాక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కొంచెం సేపు ఆలోచించి, ఆ వారం ఐఎన్ఆర్ రిపోర్టు చదివించుకున్నాడు. నేను బ్లేడు వాడమని చెప్పను, అయినా తప్పదంటే ఆయన చేత్తో మాత్రం వద్దు, చెయ్యి నిలకడగా ఉన్నవాళ్లు చెయ్యండి, గాటు పడితే గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి, ఆగకపోతే వచ్చేయండి అన్నాడు.

ఆదివారం నాయినను ఎండ పడే వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాం. వేడి టవలు, నురగ, కొత్త బ్లేడు. పాత రేజరుకు రెండు వైపులా పదును, ముక్కు కింద గీసేటప్పుడు అటు అంచు ఎక్కడ తగులుతుందో అని భయం. దీనికి ఆ బాధ లేదు. మాలో పెద్దవాడు రేజరు పట్టాడు, చిన్నవాడు చర్మం సాగదీశాడు. ఒకరి గడ్డం ఇద్దరు గీయడం చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయిన గడ్డం మేం ముట్టుకోవడం అదే మొదటిసారి. చర్మం మేం అనుకున్నదాని కంటే పలచగా ఉంది, సాగదీసే కొద్దీ సాగుతోంది.

"వత్తకు."

"వత్తుతలేం నాయినా."

"మెడ కాడ దిక్కు మారుతది, చూసుకో. ఆ... బరోబర్."

కళ్లు మూసుకుని చప్పుడు విని చెబుతున్నాడు. వెంట్రుక తెగేటప్పుడు సన్నగా బరబరమని వస్తుంది, అది ఆగితే ఆ చోటు అయిపోయినట్టు. మేం ఆ చప్పుడును మూడేళ్లలో ఒక్కసారీ పట్టించుకోలేదు. దవడ మూల దగ్గర చిన్న చుక్క ఎర్రగా లేచింది. గుడ్డ పెట్టి గడియారం చూస్తూ నొక్కాం. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఆగింది.

అప్పుడు అన్నాడు, కళ్లు తెరవకుండానే: "పన్నెండు నూర్లకు గింత ఫినిష్ ఎట్ల వస్తదిరా? ముప్పై వేలు పెట్టిండ్రా, ఇంకా ఎక్కువనా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెట్టె తెరిచిన రోజే తెలుసట. మూడేళ్లు అడగలేదు. 33 అని చెప్పాం. "మీ అమ్మకు చెప్పకుండ్రి" అన్నాడు. కాసేపాగి, ఆ ఏడు పిల్లల ఫీజుల నిధికి మేం రాసిన చెక్కు ఎంతదని అడిగాడు. 1,100 అన్నాం. ఇంకేమీ అనలేదు. ఆ మాట తర్వాత మేం ఏం చేశామో సంఘం కోశాధికారి గారికి తెలుసు, ఇక్కడ రాసుకోవడం బాగుండదు.

ఇప్పుడు వారమంతా షేవర్, ఆదివారం మాత్రం వరండా. ఏ వారమైనా ఐఎన్ఆర్ ఎక్కువ వస్తే ఆ ఆదివారం లేదు, ఆయన ఎంత సణిగినా లేదు. నాయినకు వాడిన బ్లేడు ప్రతిసారీ మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి పోతుంది, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగకూడదు కదా. మా ఇద్దరివి నాలుగైదు గడ్డాలకు మొద్దుబారతాయి. అవి స్పిరిటుతో తుడిచి అమ్మకిస్తాం. కారఖానాల్లో దారం కొసలు కోయడానికి పాత బ్లేడు ముక్కలు వాడేది మీకు తెలుసు, వేళ్లు తెగేది కూడా తెలుసు. దీనికి వెన్ను ఉంది కనక పట్టుకోవడానికి హాయి. టవళ్ల అంచు దారాలు కత్తిరించడానికి ఇంతకంటే మంచిది లేదని అమ్మ పక్కింటి వదినకు కూడా రెండు ఇచ్చింది. పన్నెండు నూర్ల రేజరు ఈ ఒక్క పనికైనా అక్కరకొచ్చిందని ఆమె సంబరం.

అమ్మ ఈ గుంపులో లేదు. దయచేసి ఎవరూ చదివి వినిపించకండి.