మామిడిమోడు

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాకినపుడు మా పెరటిమామిడి కూలెను. కొమ్మలు పొయ్యిలోనికి బోయినవి. మోడు గోడప్రక్కనే మిగిలెను. త్రవ్వించిన గోడ కదలును. కాల్పింపుడని పొరుగువా రనిరి. “నేను నీళ్లుపోసి పెంచిన చెట్టునకు కొఱవి పెట్టకుడు” అని అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి.

అంతట వడ్రంగిచే బరమాతో మోడునిండ జానెడులోతు బెజ్జములు వేయించితిమి. పేడనీళ్లు పోసి, మట్టియు నెండుటాకులును గప్పి, తడి యాఱనీయకుంటిమి. కఱ్ఱను గుల్లచేయునవి బూజు, పుట్టగొడుగుల జాతులు. వానికి తడియు, గాలియు, పేడలోని నత్రజనియు గావలెను. ఉప్పు వేయరాదు, నేల చెడును. చిగుళ్లు లేచిన గిల్లవలెను. చెదలు గుమ్మములకు బ్రాకకుండ గనిపెట్టవలెను.

రెండవయేట మాకు విసుగు పుట్టెను. అత్తగారు ఊర లేని దినమున కిరసనాయిలు తెప్పించితిమి. ఆకులు తొలగింపగా మోడంతయు తెల్లని పుట్టగొడుగులు! చేయి రాక, మరల గప్పితిమి.

అయిదవయేట గునపము తగులగనే మోడు పొడియయ్యెను. ఆ నల్లమట్టిలో అత్తగారు స్వహస్తములతో మామిడిమొక్క నాటిరి. కిరసనాయిలు మాట నేటివఱకు వారికి జెప్పలేదు. ఈ పత్రిక మాచేతనే చదివించుకొందురు. నేడు చెప్పక తప్పదు.