పార్కింగ్ లాట్‌లో పుట్టిన టీషర్టులు

నా దగ్గర 22 పాత టీషర్టులున్నాయి. మొన్నటిదాకా 31 ఉండేవి. ఆ తొమ్మిదీ ఎటు పోయాయో తర్వాత చెప్తాను. అన్నీ ఒకే రాక్ బ్యాండ్‌వి. పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. తమాషా ఏంటంటే, వీటిలో ఆ బ్యాండ్ అమ్మింది ఒక్కటి కూడా లేదు. అన్నీ ఫ్యాన్స్ సొంతంగా ప్రింట్ చేసుకున్నవే.

మొదటిది కొన్న రోజు వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "ఎవరో విడిచిన బట్టలు వేసుకునే ఖర్మేంటే నీకు? పైగా దాని మీద పుర్రె బొమ్మ!" అంది. తెనాలిలో పెరిగినదాన్ని, ఆ బాధ నాకు అర్థం కాకపోలేదు. మా ఇంట్లో పెద్దమ్మ కూతురి గౌన్లు నాకు రావచ్చు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ల బట్టలు గుమ్మం దాటవు.

అయినా ఎందుకు కొంటున్నానంటే, ఆ బ్యాండ్ కథ వినాలి.

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలైంది. నేను ఉద్యోగానికొచ్చి ఉంటున్న చోటికి అది దగ్గరే. 1995 ఆగస్టు 9న గిటారిస్ట్ జెర్రీ గార్సియా చనిపోయేదాకా, 30 ఏళ్లలో 2,300కి పైగా షోలు చేశారు. ఇవాళ పాడిన పాటల వరుస రేపు ఉండదు. ఒకే పాట ఒకరోజు ఐదు నిమిషాలు, ఇంకోరోజు ఇరవై నిమిషాలు. అందుకే ఒక్క షో చూస్తే సరిపోదని, వ్యాన్లేసుకుని బ్యాండ్ వెనకే ఊరూరా తిరిగేవాళ్లు తయారయ్యారు. వాళ్లనే డెడ్‌హెడ్స్ అంటారు.

తిరగాలంటే డబ్బులు కావాలిగా? పెట్రోలుకి, తిండికి, రేపటి టికెట్‌కి. అందుకే షో బయట పార్కింగ్ లాట్‌లోనే చీజ్ శాండ్‌విచ్‌లు, పూసల దండలు, టీషర్టులు అమ్మేవాళ్లు. 1978లో వచ్చిన ఆల్బమ్ పేరుతో ఆ సంతకి షేక్‌డౌన్ స్ట్రీట్ అని పేరు పడింది. అక్కడ పుట్టిన షర్టుల్ని కలెక్టర్లు లాట్ షర్టులు అంటారు.

చేసే పద్ధతి మనకి కొత్తేం కాదు. మన ఊళ్లలో శుభలేఖలు, గుడ్డ సంచులు వేసే స్క్రీన్ ప్రింటింగే. చెక్క ఫ్రేముకి బిగించిన జాలీ, దాని మీద ఇంకు, ఒక రబ్బరు బద్ద. గరాజ్ ఉంటే చాలు. బొమ్మలు మాత్రం భలే ఉంటాయి. జనానికి బాగా తెలిసిన కంపెనీల లోగోల్లో అక్షరాలు మార్చి పాటల పేర్లు ఇరికించేవాళ్లు. ఫ్యాన్స్‌కి మాత్రమే అర్థమయ్యే జోకులన్నమాట.

ఇది దొంగతనం కాదా అంటారేమో. బ్యాండ్‌కి బాగా గుర్తింపు తెచ్చిన గులాబీల పుర్రె సంగతి చూడండి. 1966లో స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ అనే ఆర్టిస్టులు ఒక పోస్టర్ కోసం దాన్ని పాత పుస్తకంలోంచి తీసుకున్నారు. ఎడ్మండ్ సల్లివన్ వేసిన ఉమర్ ఖయ్యాం రుబాయీల బొమ్మ అది. మన దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'గా తెలుగు చేశారే, ఆ రుబాయీలే! ఈ సంగతి చెప్పాక అమ్మ పుర్రెని కొంచెం క్షమించింది.

బ్యాండ్ కూడా ఫ్యాన్స్‌తో కాస్త ఉదారంగానే ఉండేది. షోలు రికార్డ్ చేసుకునేవాళ్లకి 1984 నుంచి హాల్లో ప్రత్యేకంగా చోటిచ్చింది. టీషర్టుల విషయం అంత సాఫీగా సాగలేదు. 1987లో 'టచ్ ఆఫ్ గ్రే' పాట పెద్ద హిట్టయ్యాక జనం విపరీతంగా పెరిగారు. టికెట్ లేకపోయినా సంత కోసమే వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో లాట్‌లో అమ్మకాలకి అడ్డుకట్టలు పడ్డాయి.

నేను వీటిని ఎక్కువగా వెతికేది అలమీడాలో. పాత నేవీ స్థావరంలో ప్రతి నెలా మొదటి ఆదివారం పాత వస్తువుల సంత జరుగుతుంది. షర్టు చేతికి రాగానే ముందు అంచు చూస్తాను. 90ల మధ్య వరకూ వచ్చిన చాలా టీషర్టులకి చేతుల చివర, కింద అంచులో ఒకే వరుస కుట్టు ఉండేది. తర్వాత రెండు వరుసలొచ్చాయి. అయితే ఇప్పుడు నకిలీలు చేసేవాళ్లూ ఒకే వరుస కుట్టేస్తున్నారు. అందుకే మెడ దగ్గర ట్యాగ్, ఇంకు పగుళ్లు, బట్ట పల్చబడిన తీరు అన్నీ కలిపి చూడాలి. షర్టు మీద సంవత్సరం ఉందని మురిసిపోకూడదు. అది డిజైన్ చేసిన ఏడాది కావచ్చు, ప్రింట్ చేసింది ఎప్పుడో. ఇంటికి తెచ్చాక తిరగేసి చల్లటి నీళ్లలో ఉతికి నీడలో ఆరేస్తాను. డ్రయ్యర్‌లో వేస్తే ప్రింట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక ఆ తొమ్మిది షర్టుల సంగతి. పోయినేడు నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి తెలుసు, 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. ఆలోపు అద్దె మాత్రం ఆగదు. లాట్ షర్టుల రేట్లు ఇప్పుడు బాగా పెరిగాయి. అరుదైనవి వందల డాలర్లు పలుకుతాయి. తొమ్మిది అమ్మేశాను. నెల అద్దెలో సగం పైనే వచ్చింది. ఏడ్చానా అంటే, ఒకదానికి ఏడ్చాను. 47వ రోజున కొత్త ఆఫర్ వచ్చింది.

కొనేవాళ్లు ఏరుకున్నవన్నీ నీటుగా ఉన్నవే. ఎవరూ అడగనిది ఒకటుంది. లేత గోధుమరంగు షర్టు. బొమ్మ ఎడమకి ఒరిగిపోయింది. వీపు మీద 1990 వేసవి టూర్ ఊళ్ల పేర్లు చేతిరాతలోనే ప్రింటయ్యాయి. అందులో ఒకదానికి స్పెల్లింగ్ తప్పు. మార్కెట్‌కి అది డ్యామేజీ పీసు. నాకేమో ఆ ఒరిగిన బొమ్మలో తొందరపడుతున్న ఒక చెయ్యి కనిపిస్తుంది. సాయంత్రానికి షర్టులు అమ్ముడుపోతేనే రేపటి ఊరికి పెట్రోలు. ఉద్యోగం లేని ఆ రోజుల్లో ఇంట్లో ఎక్కువగా వేసుకున్నది దాన్నే.

అప్పుడే మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడూ వాడి ఫ్రెండ్సూ హీరో సినిమా రిలీజ్‌కి వారం ముందు చందాలేసుకుని టీషర్టులు వేయించేవాళ్లు. హీరో మొహం, కింద సంఘం పేరు, ఊరి పేరు. బెనిఫిట్ షోకి అందరూ అవే వేసుకెళ్లేవాళ్లు. పది రోజులు పోతే అవి బండి తుడిచే గుడ్డలు.

"ఎన్ని మిగిలాయిరా?" అని ఫోన్ చేసి అడిగాను.

"ఒక్కటే అక్కా. మిగతావి అమ్మ మసిగుడ్డలు చేసేసింది."

ఆ ఒక్కదాన్ని ఉతికి, మడిచి, లోపల ఒక చీటీ పెట్టమన్నాను. ఏ సినిమా, ఏ థియేటర్, ఏ తేదీ, డిజైన్ ఎవరిది, ఎన్ని వేయించారు. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే ఆ చీటీ ఇవాళే రాసి పెట్టండి. ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని ఎవరైనా కొంటారో లేదో గానీ, చేసిందెవరో తెలుస్తుంది. నా 22 షర్టుల్లో ఒక్కదాని మీదా ఆ పేరు లేదు.