అమ్మ మతిమరుపుకు పెట్టిన డబ్బు

అమ్మకు డెబ్బై మూడు. అడిగిందే మళ్లీ అడగడం, గ్యాస్ కట్టేశానా అని వంటింట్లోకి వెళ్లి చూసి రావడం ఎక్కువయ్యాక, ఆమె కోసం నెలకు ఐదు వేలు విడిగా తీసిపెట్టాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. "అక్కా, ఇక్కడందరూ వాళ్ల అమ్మానాన్నలకు మతిమరుపు రాకుండా గింకో మాత్రలు పంపుతున్నారు. ఇండియా వచ్చేవాళ్ల చేత నేనూ పంపిస్తా" అన్నాడు డల్లాస్ నుంచి. వద్దన్నాను. మొదటి నెల డబ్బు డాక్టరు ఫీజుకూ రక్తపరీక్షలకూ పోవాలని నా పట్టు.

గింకో మీద అమెరికాలోనే పెద్ద పరిశోధన జరిగింది. 75 ఏళ్లు, ఆపై వయసున్న 3,069 మందిలో కొందరికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున గింకో, మిగతావాళ్లకు మందు లేని మాత్ర ఇచ్చి ఆరేళ్లు గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మతి క్షీణించే డిమెన్షియా జబ్బును గింకో ఆపలేదు. పైగా అమ్మ గుండె కోసం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చని డాక్టరు గట్టిగా చెప్పారు. మన దగ్గర అమ్మే సప్లిమెంట్లు కూడా మందుల చట్టం కిందికి కాదు, ఆహార భద్రతా సంస్థ కిందికి వస్తాయి. మందుగా వాడటానికి కాదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదవడానికి కళ్లద్దాలు కావాలి, అంతే.

పరీక్షల్లో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. అమ్మ పుట్టు శాకాహారి, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మందుతో బి12 ఒంటబట్టడం తగ్గుతుంది. మాంసం, చేప, గుడ్డు ముట్టనివాళ్లకు మామూలు తిండిలో పాలు, పెరుగు తప్ప అది వచ్చే దారి దాదాపు లేదు. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు, ఈ మూడూ మతిమరుపు తెస్తాయి. మూడింటికీ వైద్యం ఉంది. ముందు ఇంజెక్షన్లు చేయించి, తర్వాత మాత్రలు మొదలుపెట్టాం. నెలకు కొన్ని వందలే. అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం తగ్గాయి. మరుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. లోపం ఉందని తేలిన విటమిను మీద పెట్టిన రూపాయికీ, ప్రకటన చూసి కొన్న సీసా మీద పెట్టిన రూపాయికీ ఉన్న తేడా నాకక్కడ కనిపించింది.

మిగిలిన డబ్బు కూడబెట్టి, సరిగా వినపడని అమ్మకు చెవి మిషన్లు కొన్నాం. డిమెన్షియాకు దారితీసే కారణాల్లో మనం మార్చగలిగినవి పద్నాలుగని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఒకటి. షుగరు, బీపీ, ఒంటరితనం కూడా ఉన్నాయి. మిషన్లకు పెద్ద మొత్తమే అయింది. అయినా పక్కింటి పిన్నిగారితో అమ్మ మళ్లీ అరుగు మీద కూర్చుని మాట్లాడుతోంది. కొనే స్తోమత లేని పెద్దలకు, 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద ఇవి ఉచితంగా ఇస్తారు.

అమ్మకు ఆరోగ్య బీమా లేదు. నేను పాత పన్ను విధానంలోనే ఉన్నాను. కాబట్టి ఆదాయపు పన్ను మినహాయింపు కింద ఆమె వైద్య ఖర్చులు ఏడాదికి 50,000 రూపాయల వరకు చూపించుకోవచ్చు. నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు కనుక మందుల షాపులో సైతం ఫోన్‌తోనే చెల్లిస్తాను.

అన్నిటికన్నా కష్టమైంది బ్యాంకు పని. మతి తగ్గేటప్పుడు ముందుగా తడబడేవాటిలో డబ్బు లెక్కలు ఒకటి. అమ్మ ఖాతాలో నా పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్చాం. పవరాఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనేవారున్నారు. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే మన చట్టంలో అది చెల్లదు. వీలునామాకూ అంతే, రాసేనాటికి తెలివి నిలకడగా ఉండాలి. ఆ మాటెత్తడానికి నాకు నోరు రాలేదు. అమ్మే అంది, "ఇప్పుడే రాయించవే, అన్నీ గుర్తున్నప్పుడే." రాయించాం.

ఇప్పుడు మందులు పోగా మిగిలేదంతా అమ్మ పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. హైదరాబాదులో రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషికి నెలకు ఇరవై వేలు దాటుతోంది. ఆ అవసరం ఎప్పుడొస్తుందో డాక్టరు చెప్పలేదు. ఈ నెల నుంచి తమ్ముడి వాటా రెట్టింపు.