రోటి దగ్గర పాట

రాయాలని కోరిక ఉన్నవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: “కాస్త తీరిక చిక్కనివ్వండి, మొదలుపెడతాను.” పిల్లల పరీక్షలు అవ్వాలి, ఇల్లు మారాలి, రిటైరవ్వాలి. అలలు తగ్గాక సముద్రస్నానం చేద్దామనుకున్నట్టు ఏళ్లు గడిచిపోతాయి. ఆ కోరిక నిజమైనది. అందుకే అది వాయిదా పడుతుంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు దంపుళ్ల పాటలు గుర్తొస్తాయి. రైసుమిల్లులు రాకముందు ఇంటికి కావలసిన బియ్యం ఆడవాళ్లు దంచాల్సిందే. ఒకే రోలుకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి రోకలి లేస్తున్నప్పుడే ఇంకొకరిది దిగాలి. అదను తప్పిందా, రోకళ్లు ఢీకొంటాయి. ఆ అదను తప్పకుండా, రెక్కల నొప్పి తెలియకుండా పాట. పోటుపోటుకీ ‘సువ్వి’ అంటూ ఊపిరి వదలడం. ఊపిరి ఎంత నిలుస్తుందో చరణం అంతే. తిరగలి దగ్గర వరస వేరు: రాయి ఒకే తీరున తిరుగుతుంది కాబట్టి పాట కూడా దానితోపాటే సాగుతుంది.

చేతిలో కాగితం లేదు. చాలామందికి చదువే లేదు. పాట కట్టడానికని ఎవరూ వాళ్లకు పూట మిగల్చలేదు. పని చేస్తూ పాడినవి కొన్ని, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక పెరటివైపు చేరి పాడుకున్నవి కొన్ని. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అలా స్త్రీల నోట బతికిన పాటే. లక్ష్మణుడి భార్య ఊర్మిళను వాల్మీకి దాదాపు పట్టించుకోలేదు. మన ఆడవాళ్లు ఆమెను పద్నాలుగేళ్లు నిద్రపుచ్చారు. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే, పరాయి మగవాడెవరో గదిలోకి వచ్చాడని ఆమె చేత గట్టిగా మందలింపించారు. ఎంత గొప్ప ఊహ!

మగవాళ్లలోనూ అలా తీరిక, వసతి చూసుకోకుండా రాసినవారున్నారు. కవి దాశరథి నిజామాబాదు జైల్లో పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకుంటూనే ‘యజ్ఞం’ కథ రాశారు. అయినా నా మనసు మళ్లీ రోటి దగ్గరికే పోతుంది. దొరికిన వ్యవధికి తగ్గట్టు పాటను మలుచుకోవడం అక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. అరగంటే ఉన్నవాళ్లు నవల గురించి దిగులుపడనక్కర్లేదు. ఒక సంభాషణ రాసుకోవచ్చు, ఒక మనిషి నడకను పట్టుకోవచ్చు. బస్సులో ఫోన్‌లో రాసుకున్న నాలుగు వాక్యాలూ రాతే. రేపు ఎక్కడ అందుకోవాలో తెలిసేలా ఆపితే చాలు, ఆ కథ రోజంతా మనతోనే తిరుగుతుంది.

అయితే ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ ఆడవాళ్ల కష్టం వల్లే పాట పుట్టిందని మురిసిపోవడం నాకు నచ్చదు. వాళ్లకు చదువూ, తీరికా ఉండి ఉంటే ఇంకెన్ని పాటలు కట్టేవారో! కట్టినవాళ్ల పేర్లు కూడా మనకు మిగల్లేదు.

కాబట్టి రాయాలనుకుంటున్నవారు ఈ రాత్రే మొదలుపెట్టండి. మీ ఇంట్లో రాయాలని ఉన్న మనిషి మీరు కాక మరొకరైతే, ఆ కాసేపు వంటింట్లోకి మీరు వెళ్లండి. గిన్నెలు మీరు తోమండి.