ఉద్దానంలో రెండు పండుగలు

పండుగ ముందు రోజు ప్రయాణం పెట్టుకోవద్దని ఇంట్లో అందరూ వారించారు. 2025 మార్చి 30, ఆదివారం. మనకు రమజాన్ ఇరవై తొమ్మిదవ ఉపవాసం, పొరుగువారికి ఉగాది. అయినా బయలుదేరక తప్పలేదు. టెక్కలిలో ఒక నిరుపేద కుటుంబానికి ఫిత్రా సొమ్ము ఈద్ నమాజుకు ముందే అందాలి. పలాసలో నా పూర్వ విద్యార్థి ఒకడు జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాడు. అతని తండ్రి రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. "ఈ ఈద్‌కు మౌలానా సాబ్ మా ఇంట ఉండాలి" అని ఆయన కబురు పంపారు. రోగి పిలిచినప్పుడు వెళ్లడం మన మీద ఉన్న హక్కు.

విశాఖపట్నంలో సహరీ, ఫజ్ర్ ముగించుకొని రైలెక్కాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి ఆగినప్పుడు ఆ పట్టణంలోని జామియా మసీదు జ్ఞాపకం వచ్చింది. గోల్కొండ కాలపు ఫౌజ్దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించినది అది. అంత పాత మసీదు ఉన్న జిల్లాలో మనవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అందువల్ల ఇక్కడ ఈద్ వచ్చిందంటే, ఆ సంగతి పొరుగువారికి తెలిసి చేసుకొనే పండుగే తప్ప, మన వీధిలో మనం మాత్రమే చేసుకొనే పండుగ కాదు.

నౌపడాలో దిగాను. నౌపడా అంటే ఉప్పు మడులు. ఎండ ముదిరితేనే ఉప్పు పండుతుంది కాబట్టి, ఉగాది నాడు కూడా మడుల్లో ఇద్దరు ముగ్గురు మనుషులు కనిపించారు. అక్కడి నుండి ఆటోలో టెక్కలి. ఇవ్వవలసిన సొమ్ము ఇచ్చి వీధిలోకి వచ్చేసరికి ఒక గుడి మైకులో పంచాంగ శ్రవణం నడుస్తోంది. విశ్వావసు నామ సంవత్సరపు ఆదాయ వ్యయాలు, వానలు, ధరలు చదువుతున్నారు. జాతక ఫలాల మీద మనకు విశ్వాసం లేదు. కాని ఆ పంచాంగంలోని పాడ్యమిని లెక్కగట్టిన చంద్రుడు, నేను సాయంత్రం వెదకబోయే చంద్రుడు ఒక్కడే కదా అనిపించింది.

ఈ విషయం మన పిల్లలకు చెప్పదగినది. తెలుగువారి నెలలు, మన నెలలు రెండూ చాంద్రమానమే. పన్నెండు చాంద్రమాసాలకు ఇంచుమించు 354 రోజులు. సౌర సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చేందుకు తెలుగు పంచాంగంలో సుమారు రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసం కలుపుతారు. 2023లో అధిక శ్రావణం అలా వచ్చినదే. అందుకే ఉగాది ఎప్పుడూ వేసవి ముంగిటే ఉంటుంది. ఇస్లామీ క్యాలెండరులో నెల కలపడం నిషిద్ధం కనుక రమజాన్ ఏటా పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ, సుమారు ముప్పై మూడేళ్లలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 1992లో నేను విద్యార్థిగా ఉన్నప్పుడు కూడా ఏప్రిల్ మొదటి వారంలో ఉగాది వెనుకే ఈద్ వచ్చింది. అప్పుడు దాన్ని వింత అనుకున్నాను. లెక్క తెలిశాక వింత పోయింది గాని సంతోషం పోలేదు.

టెక్కలి నుండి రావివలస ఎంతో దూరం లేదు. అక్కడి దేవుణ్ణి ఎండల మల్లికార్జునుడు అంటారు. గుడికి పైకప్పు ఉండదు. కార్తీక సోమవారాల్లో ఆ దారంతా జనమేనని ఆటో నడిపే అబ్బాయి చెప్పాడు. జాతీయ రహదారి మీద బస్సెక్కి పలాస చేరేసరికి జుహర్ వేళ దాటుతోంది.

పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లు. ఊళ్లోకి అడుగు పెడుతూనే కాల్చిన జీడిపిక్కల వాసన పలకరిస్తుంది. ఆ రోజు ఉగాది సెలవు గనుక పొగ లేదు, వాసన మాత్రం గోడలకు పట్టి ఉంది. నా విద్యార్థి తన షెడ్డు చూపించాడు. ఉద్దానం తోటల పిక్క మార్చి నుండి మే దాకా దొరుకుతుంది. అది చాలదు కాబట్టి ఆఫ్రికా దేశాల నుండి ఓడల్లో పిక్క తెప్పిస్తారు. పిక్కను ఉడికించాలి లేదా కాల్చాలి. తరువాత కొట్టి పెంకు తీయాలి. బోర్మాలో ఆరబెట్టి పైపొట్టు ఒలవాలి. ఆ పైన గుండు, బద్ద, ముక్క అని వేరుచేయాలి. ఈ పనుల్లో చాలా భాగం స్త్రీలదే. పెంకులోని జీడి చేతికి తగిలితే చర్మం కాలినట్లు నల్లబడుతుంది. దానికి ఆముదమో బూడిదో రాసుకొని పని చేస్తారు.

"ఈ నెలంతా మా వాళ్లకు తీరిక లేదు ఉస్తాద్. హైదరాబాదులో ఇఫ్తార్లు, షీర్ ఖుర్మా. దీపావళికి మిఠాయి కొట్లు. లోకానికి పండుగ దగ్గర పడే కొద్దీ మాకు పని పెరుగుతుంది" అన్నాడు అతను.

"సెలవు నాడు కూలి ఇస్తారా?" అని అడిగాను. అతను కొంచెం ఆగి, "పని చేసిన రోజుకే" అన్నాడు. నేను గురువును కనుక ఊరుకోలేదు. ఈద్ గిన్నెలోని ప్రతి జీడిపప్పు వెనుక ఒక చెయ్యి ఉంది, ఆ చేతికి కూడా ఒక పండుగ బాకీ ఉందన్నాను. వచ్చే ఉగాదికి చూస్తానన్నాడు. మాట గుర్తుంచుకున్నాను.

ఇక అసలు విషయం. అతని తండ్రికి సోమ, గురువారాల్లో డయాలసిస్. పొద్దున ఏడింటికి యంత్రం మీద పడుకుంటే నాలుగు గంటలు. ఈద్ సోమవారం పడవచ్చు. రక్తంలోని మలినాలకు పండుగ సెలవు లేదు. వంతు తప్పితే ఆయాసం, కాళ్ల వాపు. ఉద్దానం ఊళ్లలో ఇంటికొకరుగా కిడ్నీలు పాడవుతున్న సంగతి పాఠకులు పత్రికల్లో చదివే ఉంటారు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైంది. అంతకు ముందు డయాలసిస్ కోసం ఎంత దూరం తిరిగారో ఇక్కడి వారిని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక గ్రంథం.

ఆయన వంతు సమస్యను అప్పటికే ఒకరు తీర్చేశారు. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి రైతు. ఆయనదీ అదే జబ్బు, అవే వారాలు. జనవరి దాకా రైతుది పొద్దుటి వంతు, మావారిది మధ్యాహ్నపు వంతు. జనవరి 13, భోగి, సోమవారం పడింది. తెల్లవారుజామున భోగిమంట దగ్గర మనవలతో నిలబడాలని రైతు కోరిక. మావారు తన మధ్యాహ్నం ఆయనకిచ్చి పొద్దున తాను వెళ్లారు. బస్సు మీద వచ్చే రైతుకు అదే వీలుగా ఉండడంతో మార్పు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఈద్ సోమవారమైతే పొద్దున తాను వస్తానని రైతే ఫోను చేశాడు. సిబ్బంది కూడా సరేనన్నారు.

కృతజ్ఞత చెప్పడానికి అస్ర్ తరువాత ఆ రైతు ఊరికి వెళ్లాము. దారికి ఇరువైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తోటల మీదుగానే వెళ్లింది. దసరా నవరాత్రులు మొదలైన మరునాడే చెట్లు పడిపోయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తోందని రైతు చూపించాడు. ఆ కాయల నీళ్లు తాగడానికి మాత్రం ఆయనకు అనుమతి లేదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, ఖర్జూరం, జీడిపప్పు అన్నిటిలోనూ పొటాషియం ఎక్కువ. ఉద్దానంలో పండేదంతా ఉద్దానపు రోగికి పథ్యం కాదు. ఉగాది పచ్చడి కూడా ఆయన నాలుకకు తగిలించుకున్నారు, అంతే.

"గురువు గారూ, మీకు రోజా కదా, ఇది కట్టిస్తాను, పొద్దు గూకినాక తినండి" అని ఆ ఇల్లాలు పచ్చడిని చిన్న గిన్నెలో పోసి ఇచ్చింది. మా పెద్దాయనతో రైతు, "సాయిబు గారూ, మీ పండగ రేపో ఎల్లుండో మబ్బే సెప్పాల. నాను మాత్రం రేపు తెల్లారికే ఎల్లిపోతాను" అన్నాడు.

అక్కుపల్లి దగ్గర శివసాగర్ తీరానికి వెళ్లాము. చంద్రుణ్ణి చూడడానికి సముద్రం ఒడ్డు మంచిదని కొత్తవారు అనుకుంటారు. ఇక్కడ సముద్రం తూర్పున ఉంది. నెలవంక కోసం అలలకు వీపు పెట్టి, పడమట కొబ్బరి తలల మీదుగా చూడాలి. పొద్దు గుంకింది. ఖర్జూరంతో ఇఫ్తార్ చేసి ఆ పచ్చడి తిన్నాము. కొద్దిసేపటికి రెండు మట్టల నడుమ సన్నని గీత. మొదట చూసింది నేను కాదు, రైతు మనవడు.

ఆ రాత్రి పెద్దాయన అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. "ఒక్క రోజా కూడా ఉండలేదు మౌలానా. రోజా లేనివాడికి ఈద్ ఏమిటి?" రోగికి దైవగ్రంథమే సడలింపునిచ్చిందని, కోలుకునే ఆశ లేనివారు రోజాకు ఒక పేదకు భోజనం, అంటే ఇంచుమించు ఒకటిముప్పావు కిలో గోధుమ లేదా దాని ఖరీదు ఫిద్యాగా ఇస్తే సరిపోతుందని ఆయనకు తెలుసు. ఇచ్చారు కూడా. తెలిసినా మనసు ఒప్పుకోలేదు. నేను వేరే మాట చెప్పాను: "భాయ్ సాబ్, పొత్తిళ్లలోని పసికందు పేరున కూడా ఫిత్రా తీస్తాము గదా. ఆ బిడ్డ ఎన్ని రోజాలు ఉంది? షరీఅత్ ఆ బిడ్డను కూడా పండుగలో చేర్చింది." ఆయన ఏమీ అనలేదు. కొంతసేపటికి అత్తరు సీసా ఎక్కడుందని కోడలిని అడిగారు.

ఆయన చిన్నకొడుకు నార్వేలో ఓడలు కట్టే యార్డులో వెల్డరు. ఆ రాత్రే వీడియోలో కనిపించాడు. వాళ్ల జమాఅత్ ఆదివారమే ఈద్ చేసుకుందట. అక్కడి సెలవుల పట్టికలో క్రిస్మస్, ఈస్టర్ ఉన్నాయి, 1814 రాజ్యాంగం పేరున మే 17 ఉంది. ఆ రోజు బడిపిల్లలు జెండాలతో ఊరేగుతారు. రెండు ఈద్‌లూ లేవు. అయితే ఇతర మతస్థులు తమ పండుగలకు ఏడాదిలో రెండు రోజులు సెలవు అడిగి తీసుకొనే హక్కు చట్టంలో ఉంది. ఆ పనిగంటలు తరువాత పూడ్చవలసి రావచ్చు. మన రాష్ట్రంలో రెండు ఈద్‌లు, ముహర్రం, మీలాద్ అందరి సెలవులు. "అక్కడ అడిగితే ఇస్తారు అబ్బా, ఇక్కడ అడగకుండానే ఇస్తారు" అన్నాడు ఆ అబ్బాయి. పెద్దాయన ఫోను వైపు చూసి, "నాకు కూడా అడగకుండానే ఇచ్చారు" అన్నారు. అతనికి అర్థం కాలేదు.

సోమవారం పొద్దున కొత్త తెల్ల కుర్తాలో ఆయన మసీదులో కుర్చీ మీద కూర్చొని ఈద్ నమాజు చేశారు. ఇంట్లో షీర్ ఖుర్మా ఒక చెంచా, అంతే. మధ్యాహ్నం ఆసుపత్రికి ఆయన వెంట నేను కూడా వెళ్లాను. రైతు యంత్రం దిగి, చేతికి దూది నొక్కుకొని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. బస్సుకు ఇంకా సమయం ఉందన్నాడు గాని, మా కోసమే ఆగాడని తెలుస్తూనే ఉంది. ఇద్దరూ ఆలింగనం చేసుకోవడానికి ఒకరి సూది చెయ్యి మరొకరు తప్పించుకుంటూ కొంచెం తంటాలు పడ్డారు. రైతు భార్య కోసం షీర్ ఖుర్మా డబ్బా ఇచ్చాము. ఉగాది గిన్నె కూడా కడిగి తిరిగి ఇచ్చాము, ఖాళీగా ఇవ్వకూడదని అందులో జీడిగుండ్లు పోసి.

పెద్దాయన యంత్రం మీద పడుకున్నాక, బక్రీదు ఎప్పుడని అడిగారు. నెలవంకను బట్టి జూన్ 7 కావచ్చు, శనివారం అన్నాను. ఆయన వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకొని, "శనివారం మా వంతు కాదు. ఆ రోజు ఆయన్ను ఇంటికి భోజనానికి పిలవాలి. ఏం పెట్టాలో డాక్టరునే అడగాలి" అన్నారు.