వాగాడూగు జ్ఞానవనం

మోస్సీ ప్రజల మోరే భాషలో 'బంగ్రే' అంటే జ్ఞానం. 'వెయోగో' అంటే అడవి. ఆ రెండు మాటలను కలిపి బుర్కినా ఫాసో రాజధాని వాగాడూగులోని ఉద్యానవనానికి 'బంగ్ర్ వెయోగో' అని పేరు పెట్టారు. జ్ఞానవనమన్నమాట. 1936లో ఫ్రెంచి వలస ప్రభుత్వం దీనిని రక్షితారణ్యంగా ప్రకటించింది. 2001లో ఇది నగర పురపాలక సంస్థ ఆధీనంలోకి వచ్చింది. విస్తీర్ణం 200 హెక్టార్లకు పైమాటే.

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఈ నగరంలో ఏడాదిలో అధికభాగం వాన జాడ ఉండదు. మోటారు సైకిళ్ల రొదను, ఎర్రని ధూళిని ప్రహరీ వెలుపలే విడిచి మేము లోనికి అడుగిడగానే గాలి చల్లబడింది. కుటుంబాలు చెట్ల కింద చాపలు పరచుకుని కూర్చున్నాయి. ముస్లిములు అధిక సంఖ్యలో గల దేశమిది. అస్ర్ వేళకు కొందరు అక్కడే వరుసకట్టి నమాజుకు నిలబడగా మేమూ వారితో చేరాము. సలాము తప్ప మా మధ్య మరో భాష లేదు. అయినా పరాయితనం తోచలేదు.

నమాజు ముగిశాక మా చిన్నమ్మాయి ఒక చెట్టును చూపి, "అబ్బూ, ఇది మన చింతచెట్టే కదా!" అన్నది. చింతచెట్టే. అయితే దాని పుట్టిల్లు ఆఫ్రికా. ప్రాచీనకాలంలోనే అది మన దేశం చేరింది. అరబ్బులు దాని పండును 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం అని పిలిచారు. ఆ పేరే ఐరోపా భాషలకూ పాకింది. ఇక ఆ నగర వీధుల్లో నీడనిచ్చే వేప మన ఉపఖండం నుండి వెళ్లినది. వారి చెట్టు కాయతో మనం పులుసు కాచుకుంటున్నాము. మన చెట్టు నీడన వారు సేదతీరుతున్నారు.

ఈ పచ్చదనాన్ని నిలుపుకోవడం తేలిక కాదు. నగరంలో ఎన్నో ఇళ్లలో నేటికీ కట్టెలతో, బొగ్గులతోనే వంట. పొయ్యి వెలిగించవలసిన తల్లికి ఎండుకొమ్మ పూట గడిచే మార్గంగానే కనిపిస్తుంది. ఆమెను తప్పుపట్టలేము. కాని 2009 సెప్టెంబరు 1న ఒక్కరోజులోనే 260 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి, ఆ నగరంలో లక్షమందికి పైగా నిరాశ్రయులయ్యారు. అటువంటి నాడు ఆనకట్టల దిగువన పల్లంలో ఉన్న ఈ అడవి నీటికి చోటిస్తుంది. అక్కడ ఇళ్లే లేచి ఉంటే ఆ వరద ఎందరి గడపలు దాటేదో!

గోడ ఒక్కటే అడవిని కాపాడలేదు. గోడకు ఆవల ఉన్న తల్లి పొయ్యికి మరొక ఇంధనం అందిననాడే ఆమె బిడ్డలకు ఈ నీడ దక్కుతుంది.