ఇలకోడి పాట

మా తుకుంలో తొలకరి పడిందంటే రాత్రిళ్ళు ఇలకోళ్ళదే రాజ్యం. మా అత్తగారు చెవులు మూసుకుంటారు, నాకది జోలపాట. ఆ కూత గొంతులోది కాదు. మగది రెక్కలు రాచి ఆడదాన్ని పిలవడం. ఆ పిలుపే శత్రువుకూ జాడ చెబుతుంది. హవాయిలోని కవాయి దీవిలో కూత విని పట్టుకునే ఈగ మూలాన పాడలేని మగవే ఎక్కువగా మిగిలాయని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

పొలంలో ఇలకోడి లేత మొలకలు కొరుకుతుంది, నిజమే. కలుపు విత్తనాలనూ తింటుంది గదా! పురుగుమందుకు ఆ భేదం తెలియదు. కొట్టే మనిషినీ విడవదు. 2017లో మా పొరుగున యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు కొట్టిన మందు సోకి 20 మందికి పైగా కన్నుమూశారు. మొలకను కాపాడుకోవలసిందే, మనిషిని పోగొట్టుకుని మాత్రం కాదు.